బూడిదరంగు కుదరాలంటే

ఇంట్లో పెద్దలు పోతే వాళ్ల ఫొటో పెద్దది చేయించి, పటం కట్టించి గోడకు పెట్టుకోవడం మా ప్రాంతంలో ఇప్పటికీ తగ్గలేదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడు ఊళ్లలోనూ స్టూడియోలకు ఈ పని ఏడాది పొడవునా వస్తుంది. పాత పెళ్లి గ్రూపు ఫొటోలో ఓ మూల నిలబడిన మనిషినో, ఏదో కార్డు మీద అతికించిన చిన్న బొమ్మనో చూపించి పెద్దది చేసిమ్మంటారు. దాన్ని స్కాన్ చేసి, గీతలూ మరకలూ తీసి, 12×18 గానో 16×20 గానో ప్రింటు వేయాలి. మూలం నలుపు తెలుపుది. ప్రింటు వేసే యంత్రం రంగులది. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

“ఏమన్నా, మా నాయన మొగం ఇట్ల పసురు పసురుగా ఉంది?” అని పటం వెనక్కి తెచ్చిన మనిషికి ఏం చెప్పాలి? షాపులో పగటి వెలుతురులో చూసినప్పుడు ఆ ముఖంలో పసురు లేదు. ఇంట్లో ట్యూబులైటు కింద తగిలించేసరికి వచ్చింది. కంప్యూటరులో కాస్త ఎరుపు కలిపి మళ్లీ వేస్తే ట్యూబులైటు కింద బాగుంటుంది, ఎండ పడేచోట గులాబీరంగుకు తిరుగుతుంది. ఇట్లా కాగితాలు పాడయ్యాక “ప్రొఫైలు మార్చి చూడు” అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఎక్కడో దొరికిన ప్రొఫైలు తెచ్చి పెడతారు. అది ఒక్కోసారి పనిచేస్తుంది, చాలాసార్లు ఉన్నదాన్ని ఇంకాస్త చెడగొడుతుంది.

నలుపు తెలుపు డిజిటల్ ప్రింటుకు ప్రపంచంలో ఇప్పటిదాకా తేలిన దారులేమిటి, వాటిలో మన స్టూడియోలకు అందేవేవి, అందినా పనికిరానివేవి అన్నది ఒక్కచోట పెట్టి చూద్దాం. నా అభిప్రాయం ముందే చెబుతాను. రంగు ఫొటో కోసం చేసిన ప్రొఫైలు నలుపు తెలుపు పనిని సగమే చేసిపెడుతుంది. మిగతా సగం ఎవరి ప్రింటరుకు వాళ్లు కొలిచి దిద్దుకోవాలి. ఆ దిద్దుబాటు పెద్ద ఊళ్ల ల్యాబులకే సాధ్యమన్న నమ్మకం సరైంది కాదు.

ప్రొఫైలు అంటే స్థూలంగా ఒక పట్టిక. ఫలానా ప్రింటరు, ఫలానా సిరా, ఫలానా కాగితం కలిసినప్పుడు కంప్యూటరు పంపిన అంకెకు కాగితం మీద నిజంగా ఏ రంగు పడిందో కొలిచి రాసుకున్న లెక్క. అడోబీ, యాపిల్, మైక్రోసాఫ్ట్, కొడాక్, అగ్ఫా సహా ఎనిమిది కంపెనీలు 1993లో ఇంటర్నేషనల్ కలర్ కన్సార్షియం పేరుతో కలిసి ఈ లెక్కకు ఉమ్మడి రూపం ఇచ్చాయి. అందుకే వీటిని ఐసీసీ ప్రొఫైళ్లు అంటాం. రంగును అంకెల్లో చెప్పే పద్ధతి ఇంకా పాతది, 1976 నాటి ల్యాబ్ కొలత. అందులో మూడు అంకెలుంటాయి. ఎల్ అంకె వెలుతురును చెబుతుంది, సున్నా అయితే కటిక నలుపు, వంద అయితే పూర్తి తెలుపు. ఏ అంకె ఎరుపు, ఆకుపచ్చల మధ్య మొగ్గును, బి అంకె పసుపు, నీలాల మధ్య మొగ్గును చెబుతాయి.

నలుపు తెలుపు ఫొటోలో ఏ, బి రెండూ సున్నా దగ్గరో, మనం కోరుకున్న ఒకే మొగ్గు దగ్గరో కదలకుండా నిలబడాలి. ఎల్ మాత్రం కాగితం తెలుపు నుంచి సిరా నలుపు దాకా సమానమైన మెట్లుగా దిగాలి. కోరిక ఇంతే, కానీ తీర్చడం కష్టం. ధర్మవరం పట్టుచీర ఎరుపు ప్రింటులో రెండు అంకెలు అటూ ఇటూ అయితే ఎవరికీ పట్టదు. బూడిదరంగు అదే రెండు అంకెలు జరిగితే పక్కన ఇంకో ప్రింటు పెట్టగానే కన్ను పట్టేస్తుంది. నుదురు ఒక రకంగా, చెంప నీడ ఇంకో రకంగా తిరిగితే మరీ ఘోరం. మొత్తం ఫొటో ఒకే మొగ్గులో ఉంటే కన్ను కాసేపటికి సర్దుకుంటుంది. వెలుగు భాగం గులాబీకి, నీడ భాగం ఆకుపచ్చకు పోతే ఎన్నిరోజులు చూసినా సర్దుకోదు.

మామూలు రంగు ప్రొఫైలు ఇక్కడే తడబడుతుంది. దాన్ని చేసేటప్పుడు వందల రంగుల గళ్లున్న పటం ఒకటి ప్రింటు వేసి, గడి తర్వాత గడి కొలుస్తారు. ఆ వందలూ రంగుల ప్రపంచమంతా పరుచుకుని ఉంటాయి. అచ్చమైన బూడిదరంగు గళ్లు కొన్నే ఉంటాయి. మధ్యలో ఏముందో సాఫ్ట్‌వేర్ ఊహించుకుంటుంది. ఆ ఊహలో చిన్న చిన్న అలలు మిగిలిపోతాయి. రంగు ఫొటోలో అవి కనపడవు, ముసలాయన బుగ్గ మీద కనపడతాయి. దీనికి తెలిసిన మందు బూడిదరంగు గళ్లు పెంచి కొలవడం. గ్రేమ్ గిల్ ఉచితంగా ఇస్తున్న ఆర్గిల్ సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని బూడిద మెట్లు కావాలో మనమే చెప్పుకోవచ్చు. కలర్‌మంకీ ఫొటో అనే చిన్న పరికరం మొదట 50 గళ్లు కొలిచి, ఆ ఫలితాన్ని బట్టి ఇంకో 50 తయారుచేస్తుంది. ఆ తర్వాత మన నలుపు తెలుపు ఫొటోనే చూపించి ప్రొఫైలును మరింత సానపెట్టొచ్చు.

డార్క్‌రూమ్ రోజుల్లో ఈ బాధ లేదు. నెగెటివ్ పలచగా ఉంటే హార్డ్ పేపరు, గట్టిగా ఉంటే సాఫ్ట్, మామూలుగా ఉంటే నార్మల్ అని మెట్ల సంగతి కాగితం ఎంపికతోనే తేలిపోయేది. రంగు సంగతి ఆలోచించే పనే లేదు. బ్రోమైడ్ కాగితం మీద ఉన్నదంతా వెండి ఒక్కటే, నీడకైనా వెలుగుకైనా అదే పదార్థం. 1960లో ఊటీలో ఏర్పడ్డ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి ‘ఇందు’ సరుకు దేశమంతా ఊళ్ల స్టూడియోలు వాడుకున్నాయి. తర్వాత కలర్ ల్యాబులు వచ్చి డార్క్‌రూమ్‌లను ఖాళీ చేయించాయి. 2004లో ఇంగ్లండులో ఇల్‌ఫోర్డ్ దివాళా అంచుకు వెళ్లి, మరుసటి ఏడాది హార్మన్ పేరుతో నిలదొక్కుకుంది. 2005లో అగ్ఫా ఫొటో దివాళా తీసింది, కొడాక్ నలుపు తెలుపు కాగితం చేయడం మానేసింది.

అదే 2005లో ఎప్సన్ కంపెనీ అల్ట్రాక్రోమ్ కే3 సిరాలు తెచ్చింది. వీటిలో నలుపులు మూడు. ముదురు నలుపు, లేత నలుపు, మరీ లేత నలుపు. వాటితోపాటు డ్రైవరులో అడ్వాన్స్‌డ్ బ్లాక్ అండ్ వైట్ అనే విధానం వచ్చింది. బూడిదరంగును ఎక్కువగా ఈ మూడు నలుపులతోనే కట్టి, రంగు సిరాను మొగ్గు దిద్దడానికి మాత్రమే కొంచెం వాడటం దీని పద్ధతి. అంతకుముందే దారి వేసినవాళ్లున్నారు. గ్రాహం నాష్ అనే సంగీతకారుడు 1991లో నాష్ ఎడిషన్స్ పెట్టి, ప్రెస్సుల్లో రంగుల నమూనా చూసుకోవడానికి చేసిన ఐరిస్ యంత్రం మీద ఫొటోలు వేయించాడు. అమెరికాలోనే జాన్ కోన్ రంగు సిరాలన్నీ తీసేసి వాటి గదుల్లో రకరకాల బూడిద సిరాలు నింపి పీజోగ్రఫీ అనే పద్ధతి నడిపాడు. హెచ్‌పీ 2003లో 7960 ప్రింటరుకు మూడు బూడిదరంగులున్న ప్రత్యేక కార్ట్రిడ్జ్ ఇచ్చింది. వీళ్లందరూ తలోదారిలో ఒకే నిర్ణయానికి వచ్చారు. బూడిదరంగును రంగులు కలిపి చేయడం కంటే బూడిద సిరాతోనే చేయడం మేలు.

కారణం వెలుతురులో ఉంది. నీలం, గులాబీ, పసుపు సిరాలు కలిపి చేసిన బూడిదరంగు, కార్బన్ నలుపును పలచన చేసి వేసిన బూడిదరంగు పగటి వెలుతురులో ఒకేలా కనపడొచ్చు. కానీ మొదటిది వెలుతురులోని కొన్ని వన్నెలను ఎక్కువగా మింగుతుంది, కొన్నిటిని వదిలేస్తుంది. కార్బన్ అన్నిటినీ దాదాపు సమానంగా మింగుతుంది. ట్యూబులైటు వెలుతురు ఎండలా అన్ని వన్నెలూ సాఫీగా ఉండేది కాదు, కొన్నిచోట్ల ఎగదన్ని కొన్నిచోట్ల పడిపోయి ఉంటుంది. చవక ఎల్ఈడీ బల్బుదీ అదే కథ. ఎగుడుదిగుడు సిరా మీద ఎగుడుదిగుడు వెలుతురు పడితే నాయన ముఖం పసురెక్కుతుంది. ప్రొఫైలు ఒకే వెలుతురును లెక్కలోకి తీసుకుని చేసింది, పగటి వెలుతురు లాంటి డీ50 అనే ప్రామాణికం. అందుకే ఎంత మంచి ప్రొఫైలైనా ఈ జబ్బును పూర్తిగా నయం చేయలేదు. ఈ ఒక్క ముక్క తెలిస్తే చాలా కాగితం మిగులుతుంది.

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. ఇక్కడ ఎక్కువగా కనిపించే దారులు రెండు. ఒకటి కలర్ ల్యాబుకు పంపడం, రెండోది షాపులోనే ఆరు సిరాల ట్యాంకు ప్రింటరు మీద వేసుకోవడం.

ల్యాబులో ఫ్రాంటియరో, నోరిట్సు యంత్రమో ఉంటుంది. కాగితం రంగు ఫొటోలదే, అందులో నలుపు అనే పదార్థమే లేదు. మూడు రంగుల పొరలు కలిసి బూడిదరంగు అవుతాయి. రసాయనాలు ఆ రోజు ఎట్లున్నాయి, యంత్రాన్ని పొద్దున సరిచూసుకున్నారా లేదా అన్నదాన్ని బట్టి మొగ్గు మారుతుంది. ఒకే ఫైలు సోమవారం ఒక రంగు, గురువారం ఒక రంగు రావడం స్టూడియోల వాళ్లకు అనుభవమే. ఇక్కడ మన ప్రొఫైలుకు చోటు తక్కువ. ఫైలును ఎస్‌ఆర్‌జీబీలో ఇచ్చి, యంత్రం తనంతట తాను చేసే కరెక్షన్ ఆపేయమని చెప్పి, మొదట ఒక చిన్న ముక్క వేయించి చూసుకోవాలి. పెళ్లి ఆల్బములో నలుపు తెలుపు పేజీలు నాలుగైదుంటే అన్నీ ఒకేరోజు, ఒకే యంత్రం మీద వేయించాలి. 12×36 షీట్ల కరిజ్మా ఆల్బములో ఒక పేజీ నీలంగా, ఎదుటి పేజీ ఎర్రగా ఉంటే ఫొటో ఎంత బాగా తీసినా వ్యర్థం. ఇక్కడ నా సలహా మరొకటి ఉంది. ల్యాబు ప్రింటుకు అచ్చమైన బూడిదరంగు కోసం పట్టుపట్టకండి. ఫైలులోనే లేతగా గోధుమ మొగ్గు ఇచ్చేయండి. యంత్రం కొంచెం అటూ ఇటూ జరిగినా గోధుమరంగు కొంచెం ఎక్కువో తక్కువో అవుతుంది తప్ప పసురుకు దిగదు. కోరి పెట్టిన రంగు తప్పులా కనపడదు.

ట్యాంకు ప్రింటరు సంగతి వేరు, అది మన చేతిలో ఉంది. ఎప్సన్ ఎల్800, ఆ తర్వాతి ఎల్805, పెద్ద సైజుకు ఎల్1800 స్టూడియోల్లో బాగా పాతుకుపోయాయి. ఆరు సిరాలు: నలుపు, నీలం, గులాబీ, పసుపు, లేతనీలం, లేతగులాబీ. లేత నలుపు లేదు. ముఖంలోని వెలుగు భాగాల్లో నల్లసిరా వేస్తే చుక్కలు చుక్కలుగా కనపడుతుంది కాబట్టి డ్రైవరు అక్కడ దాన్ని దాదాపు ముట్టుకోదు, లేత రంగులు కలిపి బూడిదరంగు కడుతుంది. డ్రైవరులో గ్రేస్కేల్ అని టిక్కు పెట్టినా ఫొటో కాగితం మీద జరిగేది ఇదే. ముఖాల్లో రంగు తిరగడానికి మూలం ఇది.

ఈ ప్రింటరు మీద పని కుదరాలంటే ముందు మూడింటిని బిగించాలి. సిరా ఒకటే, కాగితం ఒకటే, డ్రైవరులో ఎంచుకునే కాగితం పేరు ఒకటే. సిరా చవకగా దొరికిందని సగం ట్యాంకు మీద ఇంకో కంపెనీ సీసా పోస్తే ఆ నిమిషం నుంచి పాత ప్రొఫైలు చెల్లదు. కాగితం కంపెనీ తన ప్యాకెట్టుతో ఇచ్చే ప్రొఫైలు కూడా వాళ్ల దగ్గరున్న ప్రింటరు, అసలు సిరాల మీద కొలిచింది. మన దగ్గర అది ఉజ్జాయింపే.

ఆ తర్వాత చాలామంది పడే గుంట ఒకటుంది. ఫొటోషాప్‌లో ప్రొఫైలు ఎంచుకుని, డ్రైవరులో కూడా రంగు దిద్దుబాటు అట్లే ఉంచేస్తారు. రెండుసార్లు దిద్దిన రంగు ఎర్రగా, బరువుగా వస్తుంది. ఫొటోషాప్ దిద్దితే డ్రైవరు నోరు మూసుకోవాలి, డ్రైవరు దిద్దితే ఫొటోషాప్ మూసుకోవాలి. కొలిచే పటం ప్రింటు వేసేటప్పుడైతే ఇద్దరూ మూసుకోవాలి. 2010లో వచ్చిన ఫొటోషాప్ సీఎస్5 నుంచి ఆ మూడో వెసులుబాటు తీసేశారు, దానికోసం అడోబీ వాళ్లు కలర్ ప్రింటర్ యుటిలిటీ అనే చిన్న ప్రోగ్రాం విడిగా ఇచ్చారు. ఇది తెలియక పటాన్నే తప్పుగా ప్రింటు వేసి, దాని మీద ప్రొఫైలు చేసి, ప్రొఫైలును తిట్టుకున్నవాళ్లు ఎందరో.

ఇక అసలు పని, మెట్లు సరిచేయడం. 21 గళ్ల పట్టీ ఒకటి చేయాలి. మొదటి గడి ఖాళీ కాగితం, ఆఖరుది నిండు నలుపు, మధ్యలో ఐదేసి శాతం పెరుగుతూ పోతుంది. దాన్ని ప్రింటు వేసి, ఆ రోజుకు ముట్టుకోకుండా ఆరనివ్వాలి. డై సిరాలు తడిమీద ఒక రంగు, ఆరాక ఒక రంగు ఉంటాయి. మర్నాడు కిటికీ దగ్గర పెట్టి చూస్తే పరికరం లేకుండానే కొంత తెలుస్తుంది. దిద్దని ట్యాంకు ప్రింటరు మీద మ్యాట్ కాగితం పెట్టి వేసిన పట్టీలో చాలాసార్లు కనిపించేది ఇది: 5, 10 శాతం గళ్లు కాగితంలో కలిసిపోయి ఉంటాయి, మధ్యలో 40 నుంచి 60 దాకా గబగబా నల్లబడుతుంది, 85 నుంచి నాలుగు గళ్లూ ఒకే నలుపు. వేలు పెట్టి చూపిస్తే తప్ప 90కీ 95కీ మధ్య గీత ఎక్కడుందో తెలియదు. ఫొటోలో ఆ భాగం ఏమిటి? నల్లటి తలకట్టు, కోటు మడతలు, కంటి కింది నీడ. అవన్నీ ఒకే ముద్ద అయిపోయాయన్నమాట.

కొలిస్తే ఇది అంకెల్లోకి వస్తుంది. కాగితం తెలుపు ఎల్ 95 అనుకుందాం. మ్యాట్ కాగితం మీద నలుపు సాంద్రత 1.6 దగ్గర ఆగితే దాని ఎల్ విలువ 18 అవుతుంది. మధ్యలో 77 అంకెల దూరం, 20 మెట్లు. అంటే మెట్టుకు నాలుగు అంకెలకు కొంచెం తక్కువ దిగాలి. గ్లాసీ కాగితం మీద సాంద్రత 2.3 దాకా పోతే నలుపు ఎల్ ఐదు కంటే కిందికి దిగుతుంది, ఒక్కో మెట్టు ఇంకాస్త విశాలమవుతుంది. మనకు దొరికిన అంకెలు ఈ లెక్కకు ఎక్కడ తప్పాయో చూసి, అక్కడ ఫొటోషాప్ కర్వ్‌లో ఎదురు వంపు పెట్టాలి. వెలుగు గళ్లు కలిసిపోతే అక్కడ సిరా కొంచెం పెంచాలి, నీడ గళ్లు ముద్దయితే అక్కడ తగ్గించాలి. ఆ కర్వ్‌తో మళ్లీ పట్టీ వేయాలి. ఒకటి రెండు విడతల్లో మెట్లు కుదురుకుంటాయి. ఆ కర్వ్‌ను కాగితం పేరుతో భద్రపరచుకుంటే అదే మన నలుపు తెలుపు ప్రొఫైలు. ఇంకాస్త శాస్త్రీయంగా కావాలంటే రాయ్ హారింగ్టన్ చేసిన క్వాడ్‌టోన్‌రిప్‌తో వచ్చే చిన్న సాధనం ఉంది. 21 గళ్ల కొలతలు అందిస్తే గ్రేస్కేల్ ఐసీసీ ప్రొఫైలు చేసి ఇస్తుంది. ఇది ఏ ప్రింటరు కొలతలకైనా పనిచేస్తుంది.

కొలిచే పరికరం లేనివాళ్లకు స్కానరు కొంత సాయపడుతుంది. అందులో ఆటో సర్దుబాట్లన్నీ ఆపేసి, విలువలు తెలిసిన బూడిద పట్టీ ఒకటి పక్కన పెట్టి స్కాన్ చేస్తే మెట్లు సమానంగా ఉన్నాయో లేదో తేలుతుంది. రంగు మొగ్గు విషయంలో మాత్రం స్కానరు మాట నమ్మకూడదు. దాని దీపానికీ దాని కంటికీ వాటి పిచ్చి వాటికుంది. మొగ్గు తేల్చడానికి స్పెక్ట్రోఫొటోమీటరు కావాలి, లేకపోతే పటం వేలాడే ఇంటి వెలుతురైనా కావాలి.

నీడల గురించి ఇంకొక మాట. ఫైలులో నలుపు ఎల్ సున్నా. మ్యాట్ కాగితం 18 కంటే కిందికి దిగలేదు. ఆ మధ్యనున్న నీడలన్నీ ఏమవ్వాలి? ప్రింటు పెట్టెలో బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్ టిక్కు లేకుండా రిలేటివ్ కలరిమెట్రిక్ పెడితే అవన్నీ నలుపులో కూరుకుపోతాయి. టిక్కు పెడితే మొత్తం మెట్లవరుస కుదించుకుని అన్నిటికీ చోటు దొరుకుతుంది. లేపాక్షి నందిని ఫొటో తీసినవాళ్లకు దీని విలువ బాగా తెలుస్తుంది. హిందూపురం పక్కనే 16వ శతాబ్దపు ఒంటిరాతి విగ్రహం, సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. మెడలో గంటల హారం, కాలి మడతల కింద చిక్కటి నీడ, వీపు మీద మిట్టమధ్యాహ్నపు ఎండ. నల్లరాతి గరుకుదనం ఉన్నదంతా ఎల్ 20 నుంచి 45 మధ్యలోనే. అక్కడ మెట్లు ముద్దయితే రాయి తారుపూసినట్టు అవుతుంది. మరీ పైకెత్తితే సిమెంటు బొమ్మలా అవుతుంది. నా దృష్టిలో ఒక ప్రింటరు నలుపు తెలుపుకు పనికొస్తుందా లేదా అని తేల్చడానికి ముఖం కంటే ఈ నంది మంచి పరీక్ష. పెనుకొండ గగన్‌మహల్ సున్నపు గోడలది దీనికి తిరగేసిన పరీక్ష. అక్కడ పనంతా వెలుగు మెట్లలో, ఎల్ 75కు పైన జరుగుతుంది, 5, 10 శాతం గళ్లు నిలబడకపోతే గోడ కాగితంలో కలిసిపోతుంది.

ప్రొఫైలు మీద నింద పడే ఇంకో తప్పు ఉంది, అది అసలు ప్రింటు దాకా రాకముందే జరుగుతుంది. ధర్మవరం పట్టుచీర ఎర్రటి ఒడలు, ముదురాకుపచ్చ అంచు అనుకోండి. రంగులో కొట్టొచ్చినట్టు కనిపించే ఈ రెండూ వెలుతురు లెక్కలో దాదాపు సమానం కావచ్చు. మామూలుగా గ్రేస్కేల్‌కు మార్చేస్తే ఒడలూ అంచూ ఒకే బూడిదరంగు అవుతాయి, జరీ గీత ఒక్కటే మిగులుతుంది. పోయిన తేడాను ఏ ప్రొఫైలూ వెనక్కి తేలేదు. మార్చేటప్పుడే బ్లాక్ అండ్ వైట్ లేయరులో ఎరుపును కొంచెం పైకో, ఆకుపచ్చను కిందికో జరపాలి. పెళ్లికూతురు ముఖం కూడా ఎరుపు వైపే ఉంటుంది కాబట్టి ఎరుపు ఎక్కువ పెంచితే ముఖం సున్నం కొట్టినట్టవుతుంది. చీరకొకటి, ముఖానికొకటి విడిగా చేసుకోవడమే మంచిది. అనంతపురం జిల్లా తాడిపత్రి ప్రాంతం నుంచి వెళ్లిన కె.వి.రెడ్డి తీసిన 1957 నాటి మాయాబజార్‌లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ వెన్నెలను, నగలను, పట్టుబట్టలను బూడిద మెట్లతోనే వేరుచేసి చూపించాడు. 2010లో దానికి రంగులు వేసి మళ్లీ విడుదల చేశాక కూడా చాలామంది పాత ప్రతినే కోరుకుంటున్నారంటే ఆ మెట్లలో ఉన్న పనితనమే కారణం అని నా నమ్మకం.

మానిటరు గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే అందరికీ తెలిసి ఎవరూ చేయని పని అది. “ప్రింటు నల్లగా వచ్చింది” అనే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ప్రింటువి కావు, పూర్తి వెలుగులో పెట్టిన మానిటరువి. దాన్ని చదరపు మీటరుకు వంద క్యాండెలాల దగ్గరికి దించి, పక్కన తెల్లకాగితం పెట్టి రెండూ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోవాలి.

ఇక బూడిద సిరాల యంత్రాలు. కే3 తర్వాత ఎప్సన్‌లో 2015లో పీ600, పీ800, 2020లో పీ700, పీ900 వచ్చాయి. కానన్ 2015లో 12 సిరాల ప్రో-1000 తెచ్చింది. వీటిమీద అడ్వాన్స్‌డ్ బ్లాక్ అండ్ వైట్ లాంటి విధానం పెట్టి, పైన చెప్పిన 21 గళ్ల దిద్దుబాటు చేస్తే పసురు బాధ దాదాపు పోతుంది. ఈ విధానంలో మామూలు రంగు ప్రొఫైలు వాడకూడదు, డ్రైవరు తన లెక్కతోనే పోతుంది. ఎరిక్ చాన్ అనే అమెరికా ఇంజనీరు ఎప్సన్ 3800 కోసం ఈ విధానాన్నే కొలిచి ప్రొఫైళ్లు చేసి ఉచితంగా ఇచ్చినప్పుడు, డ్రైవరు పద్ధతీ ప్రొఫైలు పద్ధతీ కలిసి నడవొచ్చని తేలింది. క్వాడ్‌టోన్‌రిప్ అయితే డ్రైవరునే పక్కకు తోసి, ఏ మెట్టు దగ్గర ఏ నలుపు ఎంత పడాలో మన చేతికిస్తుంది. అది నేర్చుకోవడానికి ఓపిక కావాలి, నేర్చుకున్నాక ఇంకోటి నచ్చదు.

మన వాతావరణం మాత్రం వీటికి అంత అనుకూలం కాదు. దేశంలో వాన తక్కువ పడే ప్రాంతాల్లో మనదొకటి, ఏడాదికి ఐదున్నర వందల మిల్లీమీటర్లే. మార్చి నుంచి గాలి ఎండిపోతుంది. పిగ్మెంటు సిరా నాలుగు రోజులు కదలకపోతే హెడ్‌లో గడ్డకడుతుంది. నలుపు మూడింటిలో ఒక్క రంధ్రం మూసుకున్నా మెట్లవరుస మొత్తం తప్పుతుంది, మనం ప్రొఫైలును అనుమానిస్తూ కూర్చుంటాం. రోజూ ఒక నాజిల్ చెక్, గదిలో ఒక మూల తడి, వాడనప్పుడు గుడ్డ కప్పి ఉంచడం తప్పనిసరి. నెలకు పదిపన్నెండు నలుపు తెలుపు పటాలు కూడా లేని షాపు ఈ యంత్రం కొనడం దండగని నా అభిప్రాయం. అట్లాంటి షాపు ట్యాంకు ప్రింటరును కొలిచి దిద్దుకుని, గోధుమ మొగ్గు పెట్టుకుని నడిపించుకోవచ్చు. కొనేవారికి ఒక నిజం మాత్రం చెప్పాలి. డై సిరా పటం ఏళ్లు గడిచేకొద్దీ వెలుస్తుంది, మూడు రంగులూ సమానంగా వెలవవు, అప్పుడు మొగ్గు మళ్లీ బయటపడుతుంది. అద్దం వేసి కట్టిస్తే, ఎండ తగలని గోడకు పెడితే ఆలస్యమవుతుంది. పది కాలాలు ఉండాల్సిన పటమైతే కార్బన్ పిగ్మెంటు నలుపే దిక్కు.

అచ్చమైన బూడిదరంగే కావాలా అన్న వాదం ఇంకా తెగలేదు. ఫైన్ ఆర్ట్ ప్రింటు వేసేవాళ్లలో ఒక వర్గం ఏ, బి అంకెలు సున్నాలో ఉండటాన్నే పరమార్థంగా చూస్తుంది. పాత ఫొటోల విషయంలో నేను వాళ్లతో ఏకీభవించను. హంపీ శిథిలాలను 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా మైనం పట్టించిన కాగితపు నెగెటివ్‌ల మీద తీశాడు. నిజాం ఆస్థానంలో పనిచేసిన రాజా దీన్‌దయాళ్ గాజు నెగెటివ్‌లు 2,800కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. ఆ కాలపు నెగెటివ్‌లు ఎండలో నల్లబడే ఆల్బుమిన్ లాంటి కాగితాల కోసం చేసినవి. ఆ ప్రింట్ల రంగు గోధుమా, ఊదా కలిసినట్టుంటుంది, మెట్లవరుస కూడా వేరు. నెగెటివ్‌లో సాంద్రత దూరం చాలా ఎక్కువ. వాటిని స్కాన్ చేసి ఇప్పటి మామూలు కర్వ్‌తో అచ్చమైన బూడిదరంగులో వేస్తే ఆకాశం సున్నమై, నీడలు బొగ్గవుతాయి. వాటికి విడిగా మెట్లు కట్టాలి, రంగు కూడా ఆ కాలానిదే ఇవ్వాలి. మన ఇళ్లలోని 1950ల బ్రోమైడ్ ఫొటోలకూ ఇదే చెబుతాను. ఇంటివాళ్లు అరవై ఏళ్లుగా చూస్తున్నది వెచ్చటి నలుపు. నీలం మొగ్గిన కొత్త బూడిదరంగులో ఆ ముఖం వాళ్లకు పరాయిగా అనిపిస్తుంది. మూలం ప్రింటు మీద నీడ, మధ్యం, వెలుగు మూడుచోట్ల రంగు కొలిచి, ఆ మొగ్గునే కొత్త ప్రింటుకు పెట్టడం న్యాయం.

ఈ పనంతటికీ అడ్డం పడేది పరికరం ధరే. ఒక స్టూడియో స్పెక్ట్రోఫొటోమీటరు కొనుక్కుని, కాగితానికోసారి, సిరా సీసాకోసారి వాడి, మిగతా రోజులు బీరువాలో పెట్టుకోవడం గిట్టుబాటు కాదు. కానీ ఈ మూడు ఊళ్లూ ఒకే రైలుమార్గం మీద వరసగా ఉన్నాయి, 2022 నుంచి శ్రీసత్యసాయి జిల్లాలో ఒకే గొడుగు కింద ఉన్నాయి. ఊరికి కొందరు స్టూడియోల వాళ్లు కలిసి తలాకొంత వేసుకుంటే ఒక పరికరం చాలు. నెలలో పదిరోజులు ధర్మవరంలో, పదిరోజులు పెనుకొండలో, పదిరోజులు హిందూపురంలో ఉంటుంది. పట్టీలు ముందే ప్రింటు వేసి ఆరబెట్టి, వెనక కాగితం పేరు, సిరా పేరు, సీసా తెరిచిన తేదీ, డ్రైవరు సెట్టింగు రాసి పెట్టుకుంటే కొలవడానికి ఒక్కో షాపుకు గంట పట్టదు. కొలతలు ఒకే ఫైలులో చేరుస్తూ పోతే, ఒకే కాగితం వాడే షాపు ఇంకో షాపు అంకెలు పక్కన పెట్టి చూసుకుని తన యంత్రంలో తప్పెక్కడుందో కనిపెట్టవచ్చు. మొదలుపెట్టడానికి ఎల్805 వాడేవాళ్లు, ఒకే రకం మ్యాట్ కాగితం వాడేవాళ్లు సరిపోతారు.